తోడేలు కార్డు

జూన్ 2, సోమవారం

రెండు డబ్బాలొచ్చాయి. ఒకదాని మీద ఎర్రకళ్ళ మరమనిషి, రెండోదాని మీద కోరలు చూపిస్తున్న తోడేలు. గ్రాఫిక్స్ కార్డు కొనేవాడికి పదేళ్ళకి మించి వయసుండదని ఈ కంపెనీల నమ్మకం కాబోలు. తెరిస్తే లోపల నల్ల స్పాంజి, అందులో ప్లాస్టిక్ సంచి, ఆ సంచిలో ఇంకో సంచి, చివరికి ఇటుకంత కార్డు. దాని పక్కన రంగులు మారే లైటొకటి. మూత బిగించిన క్యాబినెట్‌లో ఆ లైటు ఎవడి కోసం వెలగాలో! పైన పటారం, లోన లొటారం.

ఆఫీసులో ఉన్న పన్నెండు కంప్యూటర్ మిషన్లకీ కొత్త కార్డులు వేయించడానికి మా ఓనరు పెద్దాయన ఎట్టకేలకు ఒప్పుకున్నాడు. పాతవి మూలుగుతున్నాయని నేను మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాను. ఇంకా పునాది కూడా తియ్యని ఇంట్లో సోఫా మీద ఎండ పడుతున్నట్టు వీడియోలు చేసి అమ్మే ఆఫీసు మాది. ఆ ఎండ పడాలంటే కార్డుకి సత్తువుండాలి. నేను చెప్తే వినలేదు. నిన్నగాక మొన్నొచ్చిన మా తోడల్లుడు ఒక్కసారి చెప్తే తల ఊపాడు. ఒళ్ళు మండిపోయింది.

నేను మరమనిషి కార్డు కొందామన్నాను. వాడు తోడేలు కార్డు అన్నాడు. తోడల్లుడికి తోడేలు కాక ఇంకేం నచ్చుతుంది? పెద్దాయన రెండూ ఒక్కొక్కటి తెప్పించి, ఒకే ఇంటి అల్లుళ్ళ మధ్య పోటీ పెడితే భలే మజాగా ఉంటుందని నవ్వాడు. ఆ నవ్వు చూశాక వెళ్ళి ముఖం కడుక్కున్నాను.

జూన్ 3, మంగళవారం

కాగితం మీద పోలిక పూర్తయింది.

మరమనిషికి మెమరీ పన్నెండు జీబీ, ఆ మెమరీకి దారి నూట తొంభై రెండు బిట్లు. తోడేలుకి మెమరీ పదహారు జీబీ, దారి మాత్రం నూట ఇరవై ఎనిమిదే. పెద్ద గోడౌను కట్టి, కిటికీ అంత తలుపు పెట్టుకున్నట్టు. స్పీడు రెండిటికీ రెండున్నర గిగాహెర్ట్జ్ దగ్గరే. కరెంటు మరమనిషికి రెండొందల వాట్లు, తోడేలుకి నూట అరవై. ఫ్యాన్లు దానికి మూడు, దీనికి రెండు. రెండూ మధ్యరకమే.

మధ్యరకం వస్తువుల్ని పోల్చడమంత రోత పని ఇంకోటి లేదు. మంచిది మంచిదని తెలిసిపోతుంది, చెత్త చెత్తని తెలిసిపోతుంది. ఈ మధ్యలో వాటికి కూర్చుని ఈకలు పీకాలి.

మా అత్తగారింట్లో పదకొండేళ్ళుగా జరుగుతున్నదీ ఇదే. పెద్దల్లుడు, చిన్నల్లుడు. ఇద్దరమూ మధ్యరకమే. "పెద్దల్లుడికి మాట తక్కువ, చిన్నల్లుడికి నిలకడ తక్కువ," అని మా అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ వినిపిస్తుంది. ఎనిమిది నెలల క్రితం వాడి కంపెనీ మూతపడ్డాక ఆ రెండో ముక్క మానేసింది. పాపమట. నా ముక్క మాత్రం అలాగే ఉంది.

అప్పట్నుంచీ వాడూ మా మరదలూ అత్తగారింటి ముందుగదిలో మడతమంచం వేసుకుని ఉంటున్నారు. వచ్చేపోయేవాళ్ళు ఆ మంచం చుట్టూ తిరిగి లోపలికి వెళ్ళాలి. మా ఆవిడ నా ప్రాణం తోడి, నాచేత పెద్దాయనకి చెప్పించి, వాణ్ణి మూడు నెలల ట్రయల్ మీద మా ఆఫీసులో పెట్టించింది. ఈ నెలాఖరుకి ఆ మూడు నెలలూ అయిపోతాయి.

జూన్ 4, బుధవారం

పెద్దాయన ఈరోజు తేల్చి చెప్పాడు. పన్నెండు మిషన్లు చూసుకోవడానికి ఇద్దరు దండగట. తోడేలు గెలిస్తే వాడికి బుర్ర ఉన్నట్టే, పర్మనెంట్ చేస్తాడట. ఓడిపోతే నేనొక్కణ్ణి చాలట. టెస్టు నన్నే చెయ్యమన్నాడు, సీనియర్ని కాబట్టి.

నాకేం? టెస్టు చేస్తాను, వచ్చిన అంకెలు రాస్తాను. అంకెలకి చుట్టరికాలుండవు.

సాయంత్రం వాడు నా టేబుల్ దగ్గరికొచ్చి, ఆస్పత్రి సీను కూడా పెట్టి చూడమని బతిమాలాడు. ఈ నెలాఖరులో మొదలవ్వాల్సిన పెద్ద పని అది. చెట్లూ అద్దాలూ అన్నీ వేస్తే మెమరీ పద్నాలుగు జీబీ దాటుతోందట, మరమనిషికున్న పన్నెండు చాలదట. నాకు తెలియదనుకున్నాడు. చూద్దాంలే అన్నాను.

జూన్ 6, శుక్రవారం

వాడు మిషన్ విప్పేటప్పుడు స్క్రూలు పెదాల మధ్య పెట్టుకుంటాడు. మూడూ నాలుగూ ఒకేసారి. ఎవరైనా పలకరిస్తే వాటి మధ్యనుంచే "ఊఁ" అంటాడు. తర్వాత ఆ ఎంగిలి స్క్రూలనే తీసి బిగిస్తాడు. ఛీ. చూస్తే నాకు మధ్యాహ్నం అన్నం సయించలేదు. స్క్రూలు పెట్టుకోవడానికి గిన్నె కొనిచ్చాను కూడా. దాన్ని కడిగి తుడిచి అపురూపంగా దాచుకున్నాడు. "అన్నయ్య ఇచ్చారు," అని అందరికీ చూపించాడు. స్క్రూలు మాత్రం నోట్లోనే.

జూన్ 7, శనివారం

టెస్టు అయిపోయింది. ఒంటిగంటకి అందరూ వెళ్ళిపోయాక ఏడో నంబరు మిషన్ మీద చేశాను.

ముందు మరమనిషి. విల్లా సీను, వరండా నుంచి వంటగది దాకా నడక, మూడుసార్లు. సగటున సెకనుకి డెబ్భై నాలుగు ఫ్రేములు, ఎన్నెక్కువైతే బొమ్మ అంత సాఫీ. వేడి డెబ్భై డిగ్రీలు. ఫర్వాలేదు.

తర్వాత తోడేలు. మరమనిషిని బోర్డు మీద కార్డులు గుచ్చే పై స్లాటులోంచి పీకాలంటే దాని పొట్ట కింద ఉన్న క్లిప్ నొక్కాలి. మనిషి వేలు దూరని చోటు వెతికి మరీ పెడతారు దాన్ని. ఆ బోర్డు గీసినవాడికి చేతుల్లేవని నా అనుమానం. ఆ క్లిప్ తియ్యడానికి నా దగ్గరొక ఉపాయం ఉంది. ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. ఈరోజు ఆ తంటా అంతా ఎందుకులే అని మరమనిషిని పైన అలాగే ఉంచి, తోడేలుని కింది స్లాటులో పెట్టేశాను. కేబుల్ మార్చాను. స్లాటు ఏదైతేనేం, కార్డు కార్డే.

పైన ఒక లైను కొట్టేశాను. అనవసరం.

అరవై ఫ్రేములు! ఎనభై నాలుగు డిగ్రీలు! ఫ్యాన్లు గోల గోల. ఇదేనా మా తోడల్లుడు కళ్ళకద్దుకున్న కార్డు? మరమనిషి కంటే నూటికి పంతొమ్మిది తక్కువ. ఇలాంటి దాన్ని డబ్బాలో పెట్టి అమ్మడానికి సిగ్గుండాలి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. నేనేం అన్యాయం చెయ్యలేదు, దానికీ మూడుసార్లే, దీనికీ మూడుసార్లే.

ఆస్పత్రి సీను పెట్టలేదు. టైము చాలలేదు.

రిపోర్టులో పెట్టడానికి ఫోటో తీశాను. రెండు కార్డులూ ఒకదాని కింద ఒకటి వెలుగుతూ, బాగా వచ్చింది. మూడున్నరకల్లా ఇంట్లో ఉన్నాను.

జూన్ 8, ఆదివారం

అత్తగారింట్లో భోజనం. మడతమంచం చుట్టూ తిరిగి లోపలికి వెళ్ళాను.

మా మరదలు ఫోన్లో ఒక ఇంటి ఫోటోలు చూపించింది. రెండే గదులు. వాడి ఉద్యోగం ఖాయమైతే ఒకటో తారీకు నుంచి తీసుకుంటారట. ఇంటావిడ ముప్పయ్యో తారీకు దాకా ఆగుతానందట. "హాల్లోకి పొద్దున్నే ఎండ వస్తుంది బావగారూ, నిజం ఎండ, మీ ఆఫీసు ఎండ కాదు," అని నవ్వింది. టెస్టు ఏమైందని అడగలేదు. అడక్కుండా నా ముఖంలోకి చూసింది.

కూరలో ఉప్పెక్కువైంది. ఎవరికీ అలా అనిపించలేదట.

జూన్ 9, సోమవారం

రిపోర్టు ఇచ్చేశాను. పెద్దాయన కింది వరస అంకె మాత్రం చూసి, "అయితే తోడేలు తుస్సన్నమాట," అన్నాడు.

వాడు నా టేబుల్ దగ్గర నిలబడి మొత్తం చదివాడు. ఫోటో ఉన్న పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు. పెద్దది చేసి చూశాడు. వాదిస్తాడేమోనని నేను సిద్ధంగా ఉన్నాను. నూట ఇరవై ఎనిమిది బిట్ల సంగతి ఎత్తుదామని రెండు వాక్యాలు అనుకుని పెట్టుకున్నాను. వాడు, "సరే అన్నయ్యా," అని వెళ్ళిపోయాడు.

అంతే. తన మాట కోసం కొట్లాడే నిలకడ కూడా లేదు. ఇలాంటివాడికా నేను పూచీ పడింది? ఛీ.

జూన్ 13, శుక్రవారం

పన్నెండు మరమనుషులకి ఆర్డరు వెళ్ళింది. నెలాఖరు దాకా ఎందుకులే, ఈరోజుతో చాలించమని వాడికి చెప్పేశాడు పెద్దాయన. నాతో చెప్పించబోయాడు. నాకు పనుందన్నాను.

వెళ్ళేముందు వాడు స్క్రూడ్రైవర్లన్నీ తుడిచి సైజు ప్రకారం పేర్చి నాకు అప్పగించాడు. నేను కొనిచ్చిన గిన్నె కూడా ఇవ్వబోయి, "ఇది ఉంచుకుంటాను అన్నయ్యా," అన్నాడు.

జూన్ 14, శనివారం

మా ఆవిడ మాట్లాడట్లేదు.

జూన్ 16, సోమవారం

ఇంకా మాట్లాడట్లేదు. నేనేమన్నా చేతులారా చేశానా? అంకెలకి చుట్టరికాలుండవు.

జూన్ 20, శుక్రవారం

కార్డులొచ్చాయి. పన్నెండు మిషన్లూ విప్పి, పాతవి పీకి, కొత్తవి వేసి బిగించాను. ఒక్కణ్ణే. నడుం పట్టేసింది.

ప్రతి క్యాబినెట్ మూత మీదా ఎర్ర ఇంకుతో పెద్ద పెద్ద అక్షరాలు: కింది స్లాటు వాడరాదు. పన్నెండు మూతలు, పన్నెండుసార్లు అదే వాక్యం, అంతా నా చేతిరాతే. ఎప్పుడో నాలుగేళ్ళ క్రితం రాసింది. ఎందుకు రాశానో గుర్తులేదు. మధ్యాహ్నం నుంచి మూతల్ని గోడవైపు తిప్పి పెట్టాను, కళ్ళు మండుతున్నాయని.

జూన్ 25, బుధవారం

ఆస్పత్రి సీను మొదలైంది. పన్నెండు మిషన్లూ కూలబడ్డాయి. మెమరీ నిండిపోయి, సెకనుకి ఏడు ఫ్రేములు. ఆస్పత్రి వరండాలో నడవాల్సిన మనిషి ఒక్కో అడుగుకీ ఆలోచించుకుంటున్నాడు. చెట్లు తీసేస్తే నడుస్తోంది. తోట చూపించడానికే ఆ వీడియో అడిగారని బొమ్మలు చేసే అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది.

పెద్దాయన నా మీద అరిచాడు. పదినిమిషాలయ్యాక నువ్వే గట్టెక్కించాలి నాయనా అని భుజం మీద చెయ్యేశాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఆ చెయ్యి తడిగా ఉంది. బీరువాలో పడున్న తోడేలుని ఊరికే ఒకసారి పెట్టి చూడమన్నాడు.

జూన్ 26, గురువారం

ఏడో నంబరు మిషన్. మరమనిషిని తీసేసి, తోడేలుని పై స్లాటులో పెట్టాను.

ఆస్పత్రి సీను, చెట్లన్నీ వేసి: నలభై ఒక్క ఫ్రేములు.

ఎలాగూ పెట్టాను కదా అని విల్లా సీను కూడా నడిపాను. డెబ్భై మూడు. వేడి అరవై ఎనిమిది. ఫ్యాన్ల చప్పుడే లేదు.

మరమనిషికి డెబ్భై నాలుగు, తోడేలుకి డెబ్భై మూడు. ఒక్క ఫ్రేము తేడా.

పై స్లాటుకి పదహారు లేన్లు, కింది స్లాటుకి నాలుగే. పదహారు వరసల రోడ్డు మీద పోవాల్సినవన్నీ నాలుగు వరసల్లో ఇరుక్కుని పోవాలి. పైగా నెత్తి మీద ఇంకో కార్డు వేడి, కాళ్ళ కింద పవర్ సప్లై గోడ, గాలాడదు. ఏ కార్డు పెట్టినా ఉక్కిరిబిక్కిరైపోతుంది. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. నాలుగేళ్ళ క్రితం ఒకడు ఇలాగే కింద పెట్టి కార్డు మంచిది కాదని తిరగ్గొట్టబోతే, వాణ్ణి అందరి ముందూ చెడామడా తిట్టి ఆ ఎర్ర అక్షరాలు రాశాను. గుర్తుంది.

రిపోర్టు తీసి ఫోటో చూశాను. వెలుగుతున్న రెండు కార్డుల వెనక, గోడకి ఆనించి ఏడో నంబరు మూత. పెద్దది చేశాను. ఎర్ర అక్షరాలు చక్కగా చదవొచ్చు. వాడు ఆ పేజీ దగ్గర ఎందుకాగాడో అర్థమైంది.

మళ్ళీ మూత బిగిద్దామని చూస్తే స్క్రూ నా పెదాల మధ్య ఉంది. ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు. ఉమ్మేశాను.

పెద్దాయన అడిగితే, తోడేలుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కొత్తదొచ్చింది, అందుకే బాగుపడిందని చెప్పాను. "అబ్బో, డ్రైవర్‌తో అంత తేడానా!" అన్నాడు. కార్డులు వెనక్కిచ్చి మార్చుకోవడానికి ఫోన్లు మొదలుపెట్టాడు. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

జూన్ 27, శుక్రవారం

పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది. నాలుగేళ్ళ కిందట రాసింది ఎవరికి గుర్తుంటుంది.

జూన్ 28, శనివారం

పొరపాటే.

జూన్ 29, ఆదివారం

అత్తగారింటికి వెళ్ళనన్నాను. పదిహేను రోజుల తర్వాత మా ఆవిడ నోరు విప్పింది. "మీరు రాకపోతే అమ్మ కారణం అడుగుతుంది. కారణం నన్ను చెప్పమంటారా?" అంది. దానికి ఏం తెలుసో నేను అడగలేదు.

మా తోడల్లుడు ఇప్పుడు ఒక సెల్‌ఫోన్ షాపులో తెరల మీద గ్లాసులు అంటిస్తున్నాడట. రోజుకి ఇన్ని అని లెక్క. భోజనాలయ్యాక మేడమీద ఇద్దరమే ఉన్నాం. అతని బొటనవేళ్ళు రెండూ జిగురుతో తెల్లగా పొలుసులు కట్టాయి. గోటితో గీక్కుంటున్నాడు. నేను ఎటో చూస్తూ, తోడేలు కార్డు పై స్లాటులో బాగానే నడిచిందని చెప్పాను.

"తెలుసు అన్నయ్యా. ఫోటోలో చూశాను."

మరి ఆరోజే పెద్దాయనకి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే మీకు మాటొచ్చేది. నన్ను అక్కడ పెట్టించింది మీరే కదా. రెండిళ్ళలో ఒకటన్నా నడవాలి."

 అతను మళ్ళీ వేళ్ళు గీక్కుని, "మర్చిపోయుంటారు అన్నయ్యా. అది రాసి ఎన్నేళ్ళయిందో. నేనైనా మర్చిపోయేవాణ్ణే," అన్నాడు.

అవునన్నాను. తల ఊపి మరీ అవునన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది.

కిందికి దిగేసరికి మా మరదలు ఫోన్లో మాట్లాడుతోంది. ఇంటావిడతో. వేరేవాళ్ళకి ఇచ్చేసుకోండి అంటోంది, ఏం ఫర్వాలేదండీ అంటోంది. నన్ను చూసి నవ్వింది. బావగారికి కాఫీ తెస్తానంది.

జూన్ 30, సోమవారం

ఏడో తారీకు పేజీ తీశాను. కొట్టేసిన లైను మీద పెన్ను పదిసార్లు తిప్పినట్టున్నాను, నల్లగా ముద్దయిపోయింది. కాగితం తిరగేసి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంటే, అక్షరాలు తిరగబడి కనిపించాయి. అప్పుడు గట్టిగా ఒత్తి రాశాను కాబోలు.

కింద పెడితే ఓడిపోతుంది. ఓడిపోనీ.

నా రాతే. "ఓ" కి నేను పెట్టే వంకర కూడా ఉంది.

ఎవరూ చదవని పుస్తకం ఇది. ఇందులో కూడా కొట్టేసుకున్నాను. నాకు నేనే రిపోర్టు రాసి నాకు నేనే సంతకం పెట్టుకున్నాను. నిలకడ లేదనీ, ఎంగిలి స్క్రూలనీ, తుస్సు కార్డనీ నెలంతా ఎవరెవర్నో ఛీకొట్టాను. ఆ మడతమంచం మీదనుంచి వాడు లేస్తే అత్తగారు నా గురించి ఇంకేం చెబుతుందోనని నా ఏడుపు. తెరిచి చూస్తే ఇంత మురికి.

జూలై 1, మంగళవారం

పెద్దాయనకి చెప్పాను. డ్రైవరూ లేదు గీవరూ లేదు, తోడేలుని కింది స్లాటులో పెట్టి టెస్టు చేశానని. ఫోటో చూపించాను, మూత చూపించాను.

ఆయన కాసేపు చూసి, మనుషులమన్నాక పొరపాట్లు జరుగుతాయని, కార్డులెలాగూ మార్చుకుంటున్నాం కాబట్టి వదిలెయ్యమని అన్నాడు. వదిలెయ్యడానికి తలుపు బార్లా తెరిచిపెట్టాడు పాపం. తోడల్లుడి సంగతి ఎత్తనే లేదు. సరేనని లేచాను. తలుపు దాకా వెళ్ళాను.

"పొరపాటు కాదు సార్. తెలిసే పెట్టాను. వాడు ఓడిపోవాలని పెట్టాను."

అన్నంలో వెంట్రుక వచ్చినట్టు చూశాడు నన్ను. పద్నాలుగేళ్ళుగా ఆయన్ని నేను చూసిన చూపే అది, ఇటు తిరిగింది.

అతన్ని రేపే రమ్మని కబురు చేస్తానన్నాడు. నన్ను ఈ నెలాఖరు దాకా ఉండి అన్నీ అప్పగించమన్నాడు.

జూలై 2, బుధవారం

మా ఆవిడకి చెప్పాను. చాలాసేపు చీరె కొంగు మడతపెడుతూ విప్పుతూ కూర్చుంది. "అమ్మకి నేను చెప్పను. మీరే చెప్పండి," అంది.

జూలై 6, ఆదివారం

చెప్పాను. అందరి ముందూ. మామగారు పేపరు దించలేదు. మరదలు లేచి లోపలికి వెళ్ళింది, కాఫీ రాలేదు. అత్తగారు, "మాట తక్కువ, మాట తక్కువ అనుకున్నాను. ఈ మాట ఒక్కటీ దాచుకోవడానికేనా నాయనా," అంది.

అతను మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను "తెలిసే పెట్టాను" అన్నప్పుడు ఒక్కసారి ఇటు తిరిగాడు. మేడమీద నేను తల ఊపిన సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది.

జూలై 31, గురువారం

ఆఖరి రోజు. అన్నీ అప్పగించాను. బీరువా తాళాలు, మిషన్ల పుస్తకం, ఏ మిషన్‌కి ఏ జబ్బో రాసిన కాగితాలు. నెలంతా అతనూ నేనూ ఒకే గదిలో పనిచేశాం. అడిగినదానికి చెప్పాను, రాసుకున్నాడు. ఆఫీసువాళ్ళు కేకు కొయ్యబోతే వద్దన్నాను.

మా మరదలు వాళ్ళు వేరే ఇల్లు చూసుకున్నారట. మా ఆవిడ చెప్పింది. హాల్లో ఎండ పడదట.

ఆగస్టు 4, సోమవారం

పదకొండింటికి ఫోన్. అతనే. ఏడో నంబరు మిషన్‌లో కార్డు బయటికి రావట్లేదట. క్లిప్ అందట్లేదట, అరగంటగా ప్రయత్నిస్తున్నాడట. "మీరెలా తీసేవారండీ?" అన్నాడు.

అన్నీ అప్పగించానని రాశాను గురువారం. అబద్ధం. ఉపాయం ఇంటికి తెచ్చేసుకున్నాను. పాత టూత్‌బ్రష్ పిడి, కొస అరగదీసి కొంచెం వంచినది. నా గడ్డం గీసుకునే పెట్టెలో ఉంది. ఇక్కడ విప్పడానికి ఒక్క మిషన్ లేదు, అయినా తెచ్చుకున్నాను. వట్టి కుళ్ళు.

బస్సెక్కి వెళ్ళాను. లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. గేటు దగ్గర నిలబడి ఫోన్ చేస్తే అతనే వచ్చాడు, పెదాల మధ్య రెండు స్క్రూలతో. పిడి చేతికిచ్చాను. ఎడమవైపు నుంచి దూర్చాలని, నొక్కకూడదు, పైకి ఎత్తాలని, టక్‌మని వినబడ్డాకే కార్డు లాగాలని చెప్పాను. ఆ పిడిని అటూ ఇటూ తిప్పి చూసి తల ఊపాడు.

ఇంకేమైనా అంటాడేమోనని నిలబడ్డాను. అతను స్క్రూలు రెండూ నోట్లోంచి తీశాడు. చొక్కాకి తుడిచి జేబులో వేసుకున్నాడు.

"థాంక్సండీ," అన్నాడు.